అల్లర్ల అదుపులో పోలీసు బలప్రయోగం – హైదరాబాద్

శాంతికి భంగం కలిగించేలా గుమిగూడిన జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులకు చట్టం ఇచ్చిన అధికారం. 2024 జులై 1 వరకు ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 148వ సెక్షన్. వెళ్లిపొమ్మని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, స్టేషన్ అధికారికి, ఆయన లేకపోతే ఎస్సైకి ఉంది. అంటే ఉప్పల్‌లోనో నాచారంలోనో కీసరలోనో గొడవ ముదిరితే కమిషనర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

'వీలైనంత తక్కువ బలం' అన్న షరతు సైన్యాన్ని దించే సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, పోలీసుల సెక్షన్‌లో లేదు. హెచ్చరిక, బాష్పవాయువు, లాఠీ, చివరికి తుపాకీ అన్న వరుస శిక్షణ నుంచీ పోలీసు మాన్యువల్ నుంచీ వచ్చింది. పైగా ఈ అధికారం కింద చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ కుదరదు. అందుకే కాల్పుల తర్వాత జనం మొదట అడిగేది న్యాయ విచారణ.

1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న) ఉద్యమంలో సిటీ కాలేజీ ప్రాంతంలో కాల్పులు జరిగాయి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించింది. 1978లో నల్లకుంట స్టేషన్‌లో లాకప్ మరణంపై జనం తిరగబడ్డారు, మళ్లీ కాల్పులు. దానిపై జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. అక్కడ గొడవకు కారణం పోలీసులే కావడం గమనించాలి.

ఎక్కువ చర్చకు వచ్చింది బషీర్‌బాగ్. విద్యుత్ చార్జీల పెంపుపై 2000 ఆగస్టు 28న వామపక్షాలు, కాంగ్రెస్ 'ఛలో అసెంబ్లీ' చేపట్టాయి. అడ్డుకోవడానికి నీళ్లు, బాష్పవాయువు, లాఠీలు, గుర్రపు దళం అన్నీ వాడారు, చివరకు కాల్చారు. ముగ్గురు చనిపోయారు. వరుస పాటించినంత మాత్రాన ప్రాణాలు దక్కవని అది చూపింది. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాతి కాల్పుల్లో ఐదుగురు మరణించగా జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్ ఏర్పాటైంది. అదే ఏడాది జులై 28న హైదరాబాద్ బయట, ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాటం చేస్తున్నవారిపై ఏకే-47 ప్రయోగించారు, ఏడుగురు బలయ్యారు. గుంపును చెదరగొట్టే పనికి ఆ ఆయుధం ఏ రకంగానూ పనికిరాదు.

అల్లర్ల కోసమే 1992లో సీఆర్‌పీఎఫ్‌లో ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్ ఏర్పడింది. దాని 99వ బెటాలియన్ హైదరాబాద్‌ది. 2022 జూన్ 17న అగ్నిపథ్ సైనిక నియామక పథకంపై గొడవలో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో మాత్రం రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కాల్చింది, ఒక యువకుడు మరణించాడు.