ఊళ్ళోవాళ్ళకి ప్రపంచం పట్టదా? దూబగుంట రాత్రిబడి చెప్పిన జవాబు

ఈ ఎపిసోడ్ ఒక టీ కొట్టు దగ్గర మొదలవుతుంది.

2022 మార్చి. ఆత్మకూరులో బస్సు కోసం ఎదురుచూస్తా టీ తాగుతున్నాను. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఉక్రెయిన్ యుద్ధం. పక్కన ఒక పెద్దాయన కూర్చోనున్నాడు. నాకేమో తెలిసింది చెప్పాలని ఉబలాటం. రష్యా ఎందుకు వచ్చింది, నాటో అంటే ఏంది, అమెరికా ఏమంటా ఉంది... పది నిమిషాలు దంచేశాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "యాడో వాళ్ళు కొట్టుకుంటా ఉంటే మనకేందబ్బయా?" అన్నాడు.

నాకు కాస్త చిన్నతనం అనిపించింది. లోపల ఇంకో మాట కూడా అనుకున్నాను, దాచుకోను: 'వీళ్ళకి చెప్పి లాభం లేదు' అని.

ఆ తర్వాత ఆయనే మాట కలిపాడు. నూనె ప్యాకెట్ రేటు ఎందుకు అట్లా పెరిగిందో అడిగాడు. మర్రిపాడు మండలంలో పొగాకు వేస్తాడట. "ఈసారి జింబాబ్వేలో పంట ఎట్లా ఉందంటావు?" అన్నాడు.

నేను నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాను. ఎందుకంటే జింబాబ్వే పంట గురించి నాకు ఒక్క ముక్క తెలీదు.

ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ప్రపంచం తెలియనిది ఎవరికి?

పొగాకు రైతుకి తెలిసిన ప్రపంచం

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నెల్లూరు జిల్లా పడమటి వైపు, అంటే ఉదయగిరి, ఆత్మకూరు వైపు, మెట్ట ఎక్కువ. వర్జీనియా పొగాకు ఇక్కడ పెద్ద పంట. కలిగిరిలో ఒక వేలం కేంద్రం, మర్రిపాడు మండలం డీసీ పల్లిలో ఇంకోటి ఉన్నాయి. రైతు బ్యారన్‌లో ఆకు కాల్చి, బేళ్ళు కట్టి అక్కడికి తోలతాడు. వేలంలో కొనేది కంపెనీలు. ఆ కంపెనీలు చూసేది బయటి దేశాల మార్కెట్.

వర్జీనియా పొగాకులో మనకి పోటీ బ్రెజిల్, జింబాబ్వే. అక్కడ పంట తగ్గితే ఇక్కడ బేలుకి గిరాకీ. అక్కడ పంట ఎక్కువైతే ఇక్కడ కొనేవాడు ముఖం చాటేస్తాడు. ఒక లెక్క చూడండి. జింబాబ్వేలో 2000లో దాదాపు 23.7 కోట్ల కిలోల పొగాకు పండింది. ఆ ఏడాది నుంచే అక్కడ పెద్ద కమతాలని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం మొదలైంది. 2008 వచ్చేసరికి పంట దాదాపు 4.8 కోట్ల కిలోలకి పడిపోయింది. అది హరారేలో జరిగిన రాజకీయం. దాని ఫలితం మాత్రం కలిగిరి వేలంలో బేలు పక్కన నిలబడ్డ రైతు దాకా వచ్చింది.

నూనె సంగతీ అంతే. 2022కి ముందు మన దేశం కొనే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. యుద్ధంతో ఓడలు ఆగిపోయాయి. దానికి తోడు అదే ఏడాది ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23న మళ్ళీ వదిలింది. పెద్దాయన అడిగిన నూనె ప్యాకెట్ ప్రశ్నకి జవాబు, నేను దంచిన పది నిమిషాల ఉపన్యాసంలోనే ఉంది. కానీ నేను నాటో దగ్గర మొదలుపెట్టాను. ఆయన వంటింటి దగ్గర మొదలుపెట్టాడు. అందుకే ఇద్దరం కలవలేదు.

ఇంకో ఉదాహరణ. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీదికి వచ్చింది. ఎయిరిండియా విమానాల్లో దాదాపు 1,70,000 మంది మనవాళ్ళని జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఇంటికి చేర్చారు. కడప జిల్లాలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న మన పడమటి మండలాల్లోనూ కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఎవరూ సద్దాం హుసేన్‌ని 'అంతర్జాతీయ వ్యవహారం' అనుకోలేదు. ఇంటి మనిషి వస్తాడా రాడా, అదే వాళ్ళ వార్త.

సరే, ఇదంతా డబ్బు, కుటుంబం. లాభనష్టాలు ఉంటే ఎవరైనా వింటారు అనొచ్చు మీరు. మరి చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, ఊరు దాటింది లేదు అనుకునేవాళ్ళతో పెద్ద విషయాలు మాట్లాడితే? దానికి జవాబు ఇక్కడే, ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉంది.

దూబగుంట

కలిగిరి మండలం దూబగుంట. చిన్న ఊరు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 33 శాతానికి కూడా చేరలేదు. అంటే నూటికి 67 మందికి పైగా చదవలేరు. దేశమంతా అప్పుడు అక్షరాస్యత ఉద్యమం నడుస్తా ఉంది. 1990ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ అక్షరాస్యతా సంవత్సరంగా ప్రకటించింది. కేరళలో ఎర్నాకుళం ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లా అనిపించుకుంది. ఆ ఊపులో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' మొదలైంది. జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల కార్యకర్తలు కళాజాతలతో ఊళ్ళు తిరిగారు. పాటలు, వీధి నాటకాలు, ఆ తర్వాత రాత్రిబడి.

బడికి వచ్చేది ఎవరు? పొద్దంతా కూలికి పోయి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చిన ఆడవాళ్ళు. వీళ్ళ ముందు 'రాష్ట్ర ఎక్సైజ్ విధానం' అని మొదలుపెడితే ఏమవుతుంది? సగం మంది నిద్రపోతారు. మిగతా సగం రేపు రారు.

వాళ్ళ వాచకంలో ఒక పాఠం ఉంది, 'సీతమ్మ కథ'. మొగుడి తాగుడుతో నలిగిపోయిన ఒక పేదింటి ఆవిడ కథ. పాఠం చదివాక మాట్లాడుకోవాలి, అదీ పద్ధతి. మాట్లాడుకున్నారు. సీతమ్మ ఎవరో కాదు, మనమే అని వాళ్ళకి తోచడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఊళ్ళో తాగడానికి మంచినీళ్ళు సరిగా రావు, సారా మాత్రం ఎట్లా వస్తా ఉంది? ఎవరు తెస్తున్నారు? వాళ్ళకి పర్మిషన్ ఎవరిచ్చారు? మన కూలి డబ్బు చివరికి ఎవరి దగ్గరికి చేరతా ఉంది?

గమనించండి. ఇవి ఒక రాష్ట్ర బడ్జెట్ మీద వెయ్యగలిగిన అతి ముఖ్యమైన ప్రశ్నలు. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారా సరఫరా చేసిన కాలం అది. రాష్ట్రానికి ఎక్సైజ్ ఆదాయం 1970-71లో 40 కోట్ల లోపు. 1991-92కి 800 కోట్లు దాటింది. ఈ అంకెలు ఆ ఆడవాళ్ళకి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. కానీ ఆ 800 కోట్లలో తమ ఇంటి వాటా ఎంతో వాళ్ళకి పైసలతో సహా తెలుసు.

వర్ధినేని రోశమ్మ, మనందరికీ తెలిసిన పేరు దూబగుంట రోశమ్మ, ముందు నిలబడింది. ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ ఊరి కథ తర్వాత వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా వచ్చింది. ఒక ఊరి రాత్రిబడిలో జరిగిన ముచ్చట వందల ఊళ్ళ రాత్రిబడుల్లో చదువుకునే పాఠమైంది. అప్పట్లో వాట్సాప్ లేదు. కానీ అంతకంటే గట్టి షేరింగ్ అది, ఎందుకంటే ఒక్కళ్ళే చూసి స్క్రోల్ చేసేది కాదు, నలుగురు కూర్చుని మాట్లాడుకునేది.

1992లో నెల్లూరు జిల్లా సారా పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ముఖ్యమంత్రుల చేత సంతకాలు పెట్టించిన మాట, కిరోసిన్ దీపాల నాటి ఒక రాత్రిబడిలో పుట్టింది.

బ్రెజిల్‌లో ఇటుక, ఒహాయోలో ఉపన్యాసం

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1963లో ఆంజికోస్ అనే పేద పట్టణంలో సుమారు 300 మంది కూలీలకి 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పించే ప్రయోగం చేశాడు. ఆయన అక్షరమాలతో మొదలుపెట్టలేదు. కూలీల నోట్లో ఉన్న మాటలతో మొదలుపెట్టాడు. 'ఇటుక' అలాంటి మాట. ఇటుక ఎవరు చేస్తారు, ఆ ఇటుకలతో కట్టిన ఇంట్లో ఎవరుంటారు? అక్షరాలతో పాటు ఈ ప్రశ్నలూ వస్తాయి. 1964లో సైన్యం అధికారం లాక్కున్నాక ఆయన్ని జైల్లో పెట్టారు, తర్వాత దేశం విడిచి పోవాల్సి వచ్చింది. చదువు చెప్పినందుకు జైలా అనుకోకండి. చదువుతో పాటు వచ్చిన ప్రశ్నలకి జైలు.

ఇంకా వెనక్కి వెళ్దాం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, హిల్స్‌బరో ఊరు, 1873 డిసెంబర్. డయో లూయిస్ అనే ఆయన వచ్చి తాగుడు మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అలాంటి ఉపన్యాసాలు ఆయన చాలా ఊళ్ళలో ఇచ్చాడు. కానీ ఇక్కడ ఎలైజా థాంప్సన్ ముందు నడిస్తే ఆడవాళ్ళు గుంపుగా సారా కొట్ల దగ్గరికే వెళ్ళారు. మరుసటి ఏడాదికి అది దేశవ్యాప్త మహిళా సంఘమైంది. దూబగుంటకీ హిల్స్‌బరోకీ మధ్య 120 ఏళ్ళు, సగం భూగోళం. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. కానీ జరిగింది ఒకటే: మాట ఇంటి బాధని తాకింది, విన్నవాళ్ళకి చెయ్యడానికి ఒక పని కనిపించింది.

నా దృష్టిలో ఈ రెండోదే అసలు కీలకం. "మనకేందబ్బయా" అన్న పెద్దాయన మాటని నేను బద్ధకం అనుకున్నాను. అది బద్ధకం కాదు. 'దాని మీద నా చెయ్యి నడవదు కదా' అని అర్థం. చెయ్యి నడవని విషయం మీద బుర్ర ఎందుకు పెట్టాలి? దూబగుంటలో ఆడవాళ్ళు ఎక్సైజ్ విధానం మీద ఆసక్తితో బడికి రాలేదు. కొట్టు మూయించగలం అని తెలిశాక, ఆ కొట్టు వెనక ఉన్న కాంట్రాక్టర్ మీదా, కాంట్రాక్టర్ వెనక ఉన్న ప్రభుత్వం మీదా ఆసక్తి పుట్టింది.

ఇది అన్నింటికీ మందు కాదు

ఇక్కడ కథని తీపిగా ముగించేస్తే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. అమెరికా నిషేధం కూడా 1920లో వచ్చి 1933లో పోయింది. ఆదాయం, దొంగసారా, రాజకీయం, అన్నీ కలిసి వెనక్కి లాగాయి. ఇంటి బాధ దగ్గర మొదలైన మాట దూరం పోవాలంటే ఆ దూరంలో ఏముందో కూడా చెప్పుకోవాలి. రాష్ట్రం ఆ డబ్బు పోతే ఇంకెక్కడి నుంచి తెస్తుంది? అది కూడా రాత్రిబడిలో మాట్లాడాల్సిన పాఠమే. అప్పటికి చాలా చోట్ల రాత్రిబడులే ఆగిపోయాయి.

పొగాకు రైతుకీ ఇదే వర్తిస్తుంది. ఒక ఏడాది రేటు బాగుంటే మరుసటి ఏడాది అందరం ఎక్కువ వేస్తాం. అదే ఏడాది బ్రెజిల్ రైతూ అట్లాగే అనుకుంటే? బేళ్ళు వేలం కేంద్రంలో మిగిలిపోతాయి, అప్పు ఇంట్లో మిగిలిపోతుంది. ఈ ముచ్చట నాటు వేసే ముందు జరగాలి, వేలం రోజు కాదు. ఇక్కడే మన ఫోన్ పనికొస్తుంది. పెద్దాయనకి ఏం అడగాలో తెలుసు, మనకి ఎక్కడ వెతకాలో తెలుసు. రెండూ కలవకపోతే నష్టం ఇద్దరికీ.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఇంట్లోనో టీ కొట్టు దగ్గరో ప్రపంచం గురించి మాట్లాడాలనిపిస్తే, ముందు చెప్పొద్దు. అడగండి. నాయనా, ఈ ఏడు ఎరువు ఎంతైంది? పెద్దమ్మా, కువైట్ నుంచి అక్క ఏమంటా ఉంది? జవాబు వినండి. దాని వెంబడే దేశాలు వస్తాయి. తెలీనిది తెలీదని ఒప్పుకోండి, రేపు చూసి చెప్తానని చెప్పండి. రేపు నిజంగా పోయి చెప్పండి. రాత్రిబడి నడిచింది ఒక్క రోజు ఉపన్యాసంతో కాదు, మళ్ళీ రేపు రావడంతో.

ఆ రోజు పెద్దాయనకి నేను జవాబు చెప్పలేకపోయాను. బస్సొచ్చింది, ఎక్కేశాను. జింబాబ్వే పంట లెక్క ఆ రాత్రి ఇంటికొచ్చి వెతికాను. ఇప్పుడు ఆ కొట్టు దగ్గర ఆగినప్పుడల్లా ఆయన కోసం చూస్తాను. కనిపిస్తే ఈసారి నాటో ఊసెత్తను. "పెద్దాయనా, ఎన్ని బేళ్ళు తోలావు?" అని మొదలుపెడతాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.