రాస్ప్‌బెర్రీ పై కెర్నల్ బూటు సమస్యలు

రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న బ్రిటనులో విడుదలైన చిన్న ఏకఫలక కంప్యూటరు. ఇది బూటు కానప్పుడు చాలామంది వెంటనే ఎస్డీ కార్డును చెరిపి మళ్ళీ రాస్తారు. దానితో అందులో దాచుకున్న పని అంతా పోతుంది. బూటు ఏ దశలో ఆగిందో ముందుగా గుర్తిస్తే తరచుగా ఆ అవసరం రాదు.

తొలి నమూనాలలో విద్యుత్తు అందగానే మొదట పనిచేసేది ప్రధాన ప్రాసెసరు కాదు, గ్రాఫిక్స్ విభాగం. అది కార్డులోని ఫ్యాట్ విభాగం నుండి బూట్‌లోడరును, తరువాత ఫర్మ్‌వేరును, చివరకు లినక్స్ కెర్నల్‌ను చదువుతుంది. 2019లో వచ్చిన నాలుగవ తరం బోర్డులో బూట్‌లోడరును బోర్డు మీది చిప్పులోనే ఉంచారు.

ఆకుపచ్చ దీపం 4 సార్లు మినుకుమంటే ఫర్మ్‌వేరు ఫైలు, 7 సార్లయితే కెర్నల్ ఫైలు దొరకలేదని అర్థం. తెరపై ఇంద్రధనుస్సు రంగులు వచ్చి అక్కడే నిలిచిపోతే ఫర్మ్‌వేరు పనిచేసిందని, కెర్నల్ మొదలుకాలేదని గ్రహించాలి. పాత కార్డును కొత్త నమూనా బోర్డులో పెట్టినపుడు ఇలా జరుగుతుంది. ఆ కెర్నల్ నాటికి ఈ బోర్డు లేదు.

"కెర్నల్ పానిక్" అన్న సందేశాన్ని చూసి కెర్నల్ చెడిపోయిందని అనుకోరాదు. కెర్నల్ నడిచినందువల్లనే ఆ సందేశం కనబడింది. సాధారణంగా రూట్ ఫైల్ సిస్టమ్ ఉన్న విభాగం దొరకక అది ఆగిపోతుంది. అప్పుడు కార్డును వేరొక కంప్యూటరులో పెట్టి, బూటు విభాగంలోని కమాండ్ లైన్ ఫైలులో ఆ విభాగపు గుర్తింపును సరిచూడాలి. ఆ ఫైలులోని విషయమంతా ఒకే వరుసలో ఉండాలి.