విడదీయడంతో సగం పనే

అవిభక్త కవలలను విడదీశారన్న వార్త పత్రికలో చూడగానే మనమంతా సంతోషిస్తాం. ఎన్ని గంటలు పట్టిందో, ఎందరు డాక్టర్లు పాల్గొన్నారో చదివి పేజీ తిప్పేస్తాం. ఆ తరువాత మిగిలే పని సంగతి మనలో చాలామందికి తెలియదు. నేను వైద్యుణ్ణి కాను. గుమాస్తాగా పదవీ విరమణ చేసినవాణ్ణి. చదివి తెలుసుకున్నంత మేరకు ఆ చరిత్రను మిత్రులకు మనవి చేస్తున్నాను.

అన్నదమ్ములు ఉమ్మడి ఇంటిని రెండు చేసుకుంటే, మధ్యగోడ కట్టేదాకా రెండు వాటాలూ బయలుగానే ఉంటాయి. కవలల విషయమూ అంతే. అతుక్కున్న చోట మధ్యలో చర్మం ఉండదు. విడదీయగానే ఇద్దరికీ అక్కడ పెద్ద గాయం తేలుతుంది. దాన్ని కప్పలేకపోతే చీము పట్టి ప్రాణానికే ముప్పు.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1689లో యోహానెస్ ఫాటియో బొడ్డు ప్రాంతంలో కలిసి పుట్టిన ఆడపిల్లలను విడదీశాడు. ఇద్దరూ బతికారు. అక్కడ అతుకు చిన్నది గనుక గాయమూ చిన్నదే.

చర్మం మళ్లించి కప్పే విద్య మన దేశంలో ప్రాచీనమైనది. సుశ్రుత సంహితలో ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి ఉంది. నుదుటి చర్మంతో ఒక ఎడ్లబండివాడికి ముక్కు అమర్చిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అయితే ముక్కుకు సరిపడే చర్మం పసివాడి తలకు చాలదు గదా!

దీనికి ఉపాయం బెలూన్. 1957లో అమెరికాలో న్యూమన్ అనే డాక్టరు చెవి నిర్మాణం కోసం చర్మం కింద రబ్బరు బెలూన్ ఉంచి, క్రమంగా ఉబ్బించాడు. 1976లో రాడోవాన్ దాన్ని సిలికోన్ సంచితో మెరుగుపరిచాడు. వారం వారం కొంత ఉప్పునీరు ఎక్కిస్తారు. గర్భిణికి పొట్ట చర్మం పెరిగినట్లే అక్కడా పెరుగుతుంది. 1987లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తలలు కలిసిన జర్మనీ కవలలను 22 గంటల ఆపరేషన్‌తో విడదీశారు. అంతకు కొన్ని నెలల ముందునుంచే వారి తల చర్మాన్ని ఇలా పెంచుతూ వచ్చారు.

2017 అక్టోబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒడిశా కవలల తలలను వేరుచేశాక, రెండు మెదళ్లపైనా చర్మం కప్పడమే కష్టమైందని అక్కడి ప్లాస్టిక్ సర్జన్లు చెప్పారు. వారిలో ఒక బాలుడు 2020 నవంబరులో కటక్‌లో కన్నుమూశాడు.

కాబట్టి ఇకముందు ఇటువంటి వార్త కనబడితే గంటల లెక్కతో ఆగకండి. గాయం మానిందా, పిల్లలు ఇల్లు చేరారా అన్నది కూడా వెతికి చదవండి.