ఆదోని దుర్గభూమి: దాని శూన్యత, దాని భావిగతి

ఊరి నడుమ గాని ఊరి నంటి గాని చిరకాలము నిర్జనముగా నున్న నేలను జూచినపుడు లోకులు సాధారణముగ రెండు మాటలు చెప్పుదురు. ఇది పాడుపడినదనునది యొకటి; దీనిని మరల దేనికైన నుపయోగింపవలె ననునది రెండవది. ఆ నేల యేల పాడుపడెనను ప్రశ్న మాత్రము తఱచుగా నడుగబడదు. ఆ ప్రశ్నకు సమాధానము తెలియక చేయు పునర్నిర్మాణము పునాది చూడక గోడ పెట్టుట వంటిది. కర్నూలు మండలమునకు బడమట, తుంగభద్రకు దక్షిణమున నున్న ఆదోని పట్టణపు దుర్గభూమి యిట్టి విచారమున కెంతయు దగినది.

ఈ దుర్గ మైదు కొండలపై వ్యాపించినది. వానిలో బారాకిల్లా, తాలిబండ యను రెండును క్రింది మైదానమునుండి యించుమించు 800 అడుగుల యెత్తున నిలిచియున్నవి. చుట్టును నల్లరేగడి నేల. నడుమ గుండ్లు గుండ్లుగా బేర్చినట్లున్న శిలారాశి. కొండ నడుమ నీటి తావుండుట చేత ముట్టడికి దాళి చాలకాలము నిలువ వీలుండెను. కృష్ణా తుంగభద్రల నడిమి యంతర్వేదికై జరిగిన యుద్ధములలో నీ కోట మాటిమాటికి బేర్కొనబడుట కీ ప్రకృతిబలమే కారణము. విజయనగర రాజులు దీని నభేద్యమని యెంచి, తమ కుటుంబముల కాశ్రయస్థానముగా నుంచుకొనిరని ఫెరిష్తా వ్రాసెను. అనగా ఈ స్థల మాదినుండియు ఆపత్కాలమున దల దాచుకొను చోటు. దీని జనసమృద్ధి భయకాలమునకు జెందినది. ఈ విషయము మీద జెప్పబోవు దానికి మూలము.

1565 లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరబలము విఱిగిన పిమ్మట, 1568 లో ఆదోని బిజాపురపు ఆదిల్షాహీల వశమయ్యెను. వారి దుర్గాధిపతులలో నిద్దఱు స్మరణీయులు. తాలిబండపై గోరీ గలిగిన మలిక్ రహమాన్ ఖాను మొదటివాడు. ఊరిలో జామియా మసీదును గట్టించిన సిద్దీ మసూద్ ఖాను రెండవవాడు. 1686 లో బిజాపుర మౌరంగజేబు చేతికి జిక్కినను సిద్దీ మసూదు కొంతకాలము లొంగక నిలిచెను. మొగలు సేనాని ఫిరంగుల నా మసీదు వైపు త్రిప్పగా, తాను ప్రాణప్రదముగ జూచుకొను కట్టడము కూలుట కోర్వలేక యతడు కోట నప్పగించెనని ప్రతీతి గలదు. ఈ కథ యథార్థమో కాదో నిర్ణయించుట కష్టము. ఐనను, కోటకంటె మసీదు విలువైనదని జనులు తలచిరను నంశ మీ కథవలన దేటపడుచున్నది. మొగలుల కాలమున నీ దుర్గమునకు ఇంతియాజ్‌గఢ్ అను పేరు గలిగెను. ఆ పేరు నిలువలేదు. ఆదోని యను పేరే నిలిచినది.

1756 లో సలాబత్ జంగు తన తమ్ముడగు బసాలత్ జంగున కీ సీమను జాగీరుగా నొసగెను. బసాలత్ జంగు ఆదోనిని రాజధానిగ జేసికొని, అటు గుంటూరు సీమను గూడ ననుభవించుచు, ఇటు హైదరాలీ, నిజాము, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అను బలవంతుల నడుమ స్వతంత్రుడు గావలెనని యత్నించెను. 1782 లో నతడు మృతినొందెను. అతని సమాధియు, తల్లి సమాధియు నేటికిని ఆదోనిలో గలవు.

పిమ్మట జరిగిన దీ వ్యాసమునకు బ్రధానము. 1786 లో టిప్పు సుల్తాను ఆదోనిని ముట్టడించెను. అపుడు కోటలో బసాలత్ జంగు కుమారుడగు మహబత్ జంగును, నిజాము బంధువర్గపు స్త్రీలును నుండిరి. నిజాము సేనలును మహారాష్ట్ర సేనలును గలసి సహాయమునకు రాగా టిప్పు తాత్కాలికముగ వెనుదీసెను. కాని వర్షకాలము సమీపించుచుండెను. తుంగభద్ర పొంగినచో వచ్చిన సేనలు తిరిగిపోవుటకు మార్గము లేదు. కావున వారు కోటలోని కుటుంబములను వెంటబెట్టుకొని నది దాటి పోయిరి. ఫిరంగులును, సామగ్రియు, కోటయు నట్లే విడువబడినవి. టిప్పు మరలివచ్చి శూన్యమగు దుర్గమును బ్రవేశించి, ప్రాకారములను గూలద్రోయించి, ఫిరంగులను గుత్తికి దరలించెను.

టిప్పు సుల్తాను ఆదోని కోటను నాశనము చేసెనను వాక్య మందఱు నెఱిగినదే. అందు సత్యము లేకపోలేదు. ఐనను క్రమము తలక్రిందైనది. గోడలు కూలినందున జనము పోలేదు. జనము పోయిన పిమ్మట గోడలు కూలినవి. ఆశ్రయార్థమై కట్టిన చోటు ఆశ్రయ మీయజాలదని తేలిన దినముననే దాని యాయువు తీఱినది. గడ్డపాఱ చేసిన పని యా తరువాతిది.

ఈ యూహకు దరువాతి చరిత్రయే సాక్షి. సంధివలన ఆదోని మరల నిజామునకు జేరినను కోట పూర్వస్థితికి రాలేదు. 1800 లో దత్తమండలములు ఆంగ్లేయుల కీయబడగా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. సైన్యమునకు బళ్లారి నివాసస్థలమయ్యెను. అక్కడి కోటయు కొండకోటయే. దండు దిగిన చోటగుట చేత నది నిలిచినది. ఆదోనికి దండు లేదు, దర్బారు లేదు. అందుచేత కొండపై నివసింపవలసిన యవసరమును లేదు. ఊరు కొండదిగి పేటలు పేటలుగా విస్తరించెను. 1865 లో పురపాలక సంఘ మేర్పడెను. 1871 లో మద్రాసు రైలుమార్గము రాయచూరు వఱకు సాగి బొంబాయి వైపు మార్గముతో గలియుటచే, రేగడి నేలలోని ప్రత్తి కదివఱకు లేని దారి యేర్పడెను. 1876-78 సంవత్సరముల ఘోరక్షామ మీ సీమను గలచివైచినను బేరము మరల దలయెత్తినది. ఆదోనిని రెండవ బొంబాయి యని జనులు పిలుచుట యీ ప్రత్తి బేహారము వలననే. 1953 లో బళ్లారి మండలము విభజింపబడినపుడు ఆదోని కర్నూలు మండలమున జేరెను. ఈ మార్పులలో నొక్కటియు దుర్గభూమిని మరల జనాకీర్ణము చేయలేదు.

పొరుగుననున్న ఎమ్మిగనూరి చరిత్ర యిచట బోల్చి చూడదగినది. ఎమ్మిగనూరి ప్రతిష్ఠ ప్రాకారములవలన గాక మగ్గమువలన వచ్చినది. క్షామము వచ్చినను, మిల్లు బట్టల పోటీ వచ్చినను నేతవృత్తి తెలిసిన చేతులున్నంత కాలము మగ్గపుగుంట మరల నిండుచుండెను. 1938 లో మాచాని సోమప్ప పూనికతో నచట చేనేతకారుల సహకార సంఘ మేర్పడి, దూర దేశములలో నా యూరి పేరు వినబడునట్లు చేసెను. వృత్తి చచ్చిన చోట ఎంతటి కట్టడమైనను బీడగును. వృత్తి బ్రదికిన చోట గుడిసెయు నిలుచును. ఈ రెండూళ్లును జేర్చి చదువువారి కీ నీతి స్పష్టము.

ఇంతమాత్రము చేత, ఉపయోగము లేనిది పోవుటే న్యాయమనియు, దుర్గభూమిని జదునుచేసి క్రొత్త కట్టడములు నిర్మింపవచ్చుననియు కొంద ఱనవచ్చును. ఈ వాదము పైకి సమంజసముగా దోచును గాని, ఆదోనిలో నిలిచిన వానిని లెక్కించి చూచినచో నిలువదు. మసీదు నిలిచినది, నమాజు జరుగుచుండుట చేత. రహమాన్ ఖాను గోరీ నిలిచినది, దానికై మాన్యముండుట చేత. రణమండల కొండపై ఆంజనేయుడు నిలిచినాడు, భక్తులు మెట్లెక్కుచుండుట చేత. ఇవి యన్నియు నున్నదానిని జెఱుపకుండ దాని నాశ్రయించిన యుపయోగములు. ఉన్నదానిని దుడిచివేసిన గాని సాగని యుపయోగము వేఱొకటి. అది స్థలమును నింపును గాని స్థలమును రక్షింపదు. ఈ రెంటి భేద మెఱుగక ‘ఉపయోగ’ మను నొక్క మాటతో వ్యవహరించుట పొరపాటు.

ప్రాకారములకు మాత్ర మిట్టి యాశ్రయము దొరకలేదు. యుద్ధధర్మము మాఱినందున గోడకు బనిలేదు. పనిలేని గోడరాయి, తీసికొనువారికి జులుకనయగును. ఒక రాయి కదలినపుడు కోట యెక్కడనుండి యెక్కడకు సాగినదో తెలుపు గీతలో నొక చుక్క చెఱిగిపోవును. గ్రంథములో నక్షరము లుప్తమైనచో పండితుడు ప్రత్యంతరము వెదకును. నేలకు ప్రత్యంతరము లేదు.

కావున నీ దుర్గభూమి భావిగతిని నిర్ణయింపబూనువారు మొదట మూడింటిని గుర్తింపవలెను. ప్రాకారరేఖ మొదటిది; కొండపై నీరు నిలుచు తావులును, ఆ నీరు దిగు వాగులును రెండవది; బురుజులకు, గుండ్లకు, పేటలకు జనులు వాడు పేర్లు మూడవది. దత్తమండలములు చేతులు మాఱిన కొలది సంవత్సరములలోనే కాలిన్ మెకంజీ మనుష్యులు గ్రామకరణముల యొద్ద నున్న కవిలెలను జూచి కైఫీయతులు వ్రాయించిరి. ఆ శ్రమ చేయకున్నచో ననేక గ్రామముల పూర్వవృత్తాంతము నేడు తెలియుటకు దారి లేకుండెడిది. అట్టి కైఫీయతు దుర్గభూమి కిపుడు వ్రాయదగును. ఆ పని యందు పాఠశాలల యుపాధ్యాయులును విద్యార్థులును బాల్గొనవచ్చును. కొండ వారి యూరిలోనే యున్నది, పేర్లు వారి పెద్దల నాలుకలపైనే యున్నవి. అటుపిమ్మట నచట చెట్లు నాటుదురో, నీటి తావులను బాగుచేయుదురో, యాత్రికులకు దారి వేయుదురో, ఏది చేసినను ఆ మూడింటిని జెఱుపని పని మంచిపని యగును.

1786 లో నొక నది పొంగునను భయముచేత కోట విడువబడినది. దానిని మరల నింపుట కిప్పుడు తొందర లేదు. తొందరగా జేయవలసినది దానిని జదువుట.