అనిశ్చితికి హద్దు గీసిన చేయి

ముత్తుస్వామి దీక్షితులవారు తమ కృతిరచనకు తిరుత్తణి కొండపై శ్రీకారము చుట్టిరని సంప్రదాయము చెప్పుచున్నది. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఎల్లల మార్పుతో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినను, ఆత్తిపట్టు మొదలగు గ్రామములతో కూడిన ఈ తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలో తెలుగు మాట తొలగిపోలేదు. ఇట్టి సీమను తలచుకొని మేము విద్యుద్వాద్యమును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని తంబుర నెఱిగినవారికి ఈ వాద్యరహస్యము సగము తెలిసినట్లే.

తంబుర గుఱ్ఱముపై తీగ క్రింద ఒక నూలుపోగు నుంచుదురు. దానిని జీవ యందురు. అది ఉండవలసిన చోట ఉన్నప్పుడే నాదము పలుకును. ఇంచుక జరిగిన మొద్దువాఱును. మీటు ఒక్కటే యైనను ఏ రెండు మీటులును అచ్చముగా ఒక్క తీరున నుండవు. ఆ స్వల్పభేదమే నాదమునకు ప్రాణము.

విద్యుత్తుతో పుట్టించిన స్వరమునకు ఈ ప్రాణము సహజముగా లేదు. మాడ్యులర్ సింథసైజర్ అనునది అనేక చిన్న యంత్రముల కూటమి. ఒకటి స్వరమును పుట్టించును, ఒకటి దాని గుణమును మార్చును, ఒకటి ధ్వనిని హెచ్చించి తగ్గించును. వీనిని తీగలతో కలిపి, ఒకదాని వోల్టేజితో మఱియొకదానిని నడిపింతురు. ఆ నడిపించు వోల్టేజియు మాటిమాటికి ఒకే తీరున తిరిగినచో చెవి విసుగును. అందుచే యాదృచ్ఛికమైన వోల్టేజి నిచ్చు యంత్రము కావలసివచ్చినది.

సంగీతమున యాదృచ్ఛికతకు చోటిచ్చుట క్రొత్త కాదు. 1757లో కిర్న్‌బెర్గర్ అను జర్మను పండితుడు పాచికలు వేసి నృత్యగీతములు కూర్చు పద్ధతిని ప్రకటించెను. 1951లో అమెరికా స్వరకర్త జాన్ కేజ్ నాణెములు ఎగురవేసి, చీనా ప్రాచీన శకునగ్రంథము ననుసరించి పియానో రచన చేసెను. ఈ కేజ్‌కు 1946లో న్యూయార్కున భారతీయ సంగీతము నుపదేశించినది అహమ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయి.

పాచికల పనిని విద్యుత్తు కప్పగించినవారిలో ముఖ్యుడు కాలిఫోర్నియాకు చెందిన డాన్ బుక్లా (1937–2016). శాన్‌ఫ్రాన్సిస్కో స్వరకర్తలు మోర్టన్ సుబోట్నిక్, రామన్ సెండర్ 1960 దశాబ్దిలో 500 డాలర్లిచ్చి అతనిచే వాద్యము చేయించిరి. తరువాత అతడు చేసిన యాదృచ్ఛిక యంత్రమునకు 'సోర్స్ ఆఫ్ అన్‌సర్టెన్టీ', అనగా అనిశ్చితికి పుట్టినిల్లు, అని పేరిడెను.

ఇట్టి యంత్రముల పని తీరు సామాన్యముగా ఇది. ట్రాన్సిస్టర్ వంటి పరికరమున పుట్టు గరగర శబ్దమును పెంచుదురు. గడియారపు దెబ్బ పడిన ప్రతిసారి, ఆ క్షణమున ఎంత వోల్టేజి కలదో అంత ఒక కెపాసిటర్ పట్టి నిలుపును. మఱుదెబ్బకు క్రొత్త విలువ వచ్చును. ఆ మెట్లను నునుపు చేసిన, గాలికి ఊగు దీపమువలె వోల్టేజి మెల్లగా చలించును. అయితే బుక్లా యంత్రమున మఱొక విశేషము కలదు: తక్కువ విలువలు తఱచుగా రావలెనా, ఎక్కువ విలువలా, నడిమివా అని నిర్ణయించు నాబు. ఏది వచ్చునో వాదకుడెఱుగడు. ఏ హద్దులో వచ్చునో ఎఱుగును. జీవను సర్దు వ్రేలు చేయు పనియు ఇదియే కదా!

మన దేశమున 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు కేజ్ సహచరుడైన డేవిడ్ ట్యూడర్ వచ్చి, మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగువారు అందు రచనలు చేసిరి. కొన్ని యేండ్లలోనే ఆ స్టూడియో మూగవోయెను. ఆ టేపులు దీర్ఘకాలము మఱుగున పడియుండి, పాల్ పర్గాస్ అను కళాకారుని పరిశ్రమచే 2023లో ప్రకటితములైనవి. యంత్రము వచ్చినది, గీతములు వచ్చినవి. చేయు విద్య మాత్రము చేయి మాఱలేదని మాకు తోచుచున్నది.

ఇందుకు ప్రతిగా మఱొక దృష్టాంతము. 2012లో టామ్ విట్‌వెల్ అను ఆంగ్లేయుడు 'ట్యూరింగ్ మెషీన్' అను యాదృచ్ఛిక యంత్రమును రూపొందించి, దాని నిర్మాణపటములను అందఱికిని తెఱచి యిచ్చెను. పలకపై భాగములను తామే టంకము పెట్టి అనేకులు ఇంటనే దానిని నిర్మించుకొనిరి. దాని పెద్ద నాబు నడుమ నున్నప్పుడు స్వరములు పూర్తిగా యాదృచ్ఛికములు. కొసకు త్రిప్పిన, అప్పటికి దొరికిన వరుసయే మరల మరల పలుకును. మెచ్చిన క్షణమును పట్టి నిలుపుకొనుట వాదకుని వంతు.

వాద్యము కొనుట సులభము. వాద్యమును చేయు చేతిని నిలుపుకొనుట కష్టము. తంబుర జీవను సర్దు నేర్పు పుస్తకమువలన రాదు, ప్రక్కన కూర్చున్నవారివలన వచ్చును. ఈ విద్యుద్వాద్యము మాటయు అంతే. మన పిల్లలలో టంకపు ఇనుము పట్టగలవారు కొల్లలుగా నున్నారు. శ్రుతి తెలిసిన పెద్దలును ఉన్నారు. ఈ రెండు తరముల వారును ఒక్క బల్లకు ఇరువైపుల కూర్చుండవలెనని మా కోరిక.