ఇంటిగుట్టు చెప్పిన కవయిత్రులు

1848వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన మెక్సికో దేశమునకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును సంధి కుదిరెను. యుద్ధమున నోడిన మెక్సికో, అంతకుమున్నే చేజారిన టెక్సాసుతో కూడ, తన నేలలో సుమారు సగము పోగొట్టుకొనెను. ఆ నేలపై కాపురమున్నవారు ఇల్లు విడిచి కదలలేదు. సరిహద్దే వారిని దాటి దక్షిణమునకు జరిగెను. వారి సంతతివారును, పిమ్మట కూలికై వచ్చినవారును, ఉన్నచోటనే పరాయివారుగా చూడబడిరి. 1960వ దశాబ్దమున వారి యువజనులు, అంతవరకు తిట్టుగా నుండిన 'చికానో' యను పేరును బిరుదముగా ధరించి ఉద్యమమునకు గడంగిరి. ఆ జాతి స్త్రీకి 'చికానా' యని పేరు. శ్రోతలారా, ఆ స్త్రీల కవిత్వము పుట్టిన విధమే నేటి ప్రసంగ విషయము.

ఉద్యమమునకు తొలిగీతము వంటిది రొడోల్ఫో గోన్సాలెస్ 1967లో ప్రకటించిన 'నేను వాకీన్' అను దీర్ఘకావ్యము. అందు జాతిచరిత్ర యంతయు ఒక పురుషుని కంఠమున పలుకును. స్త్రీ నమ్మికగల నీడవలె వెంట నడచును. 1969 మార్చిలో డెన్వరు నగరమున జరిగిన యువజన మహాసభలో, చికానా స్త్రీ విముక్తిని కోరుట లేదని స్త్రీల గోష్ఠి తరఫున నివేదింపబడెను. వినుచున్న స్త్రీలలో కొందరికి ఆ మాట శూలమువలె నాటెను.

ఆ మౌనమునకు కారణము లేకపోలేదు. ఇంట దెబ్బలు తిన్న స్త్రీ నోరు విప్పినచో, తనవారిని తెల్లవారికి పట్టియిచ్చినదను నింద పడుచుండెను. ఇంటిగుట్టు లంకకు చేటని మనమందుము. వారు 'మలించిస్తా' యను ఒక్కమాటతో సరిపెట్టుదురు. ఆ మాట వెనుక నొక స్త్రీ కలదు. 1519లో తబాస్కో ప్రాంతమువారు, జయించిన కోర్తెసునకు ఇరువదిమంది స్త్రీలను కానుకగా సమర్పించిరి. వారిలో మలిన్ట్సిన్ అనునామె రెండు దేశభాషలు తెలిసినది. పిదప స్పానిషును నేర్చి కోర్తెసునకు దుబాసియై, అతనికి కుమారుని గనెను. 1521లో అజ్టెకుల రాజధాని కూలెను. మూడు శతాబ్దములు గడచి మెక్సికో స్వతంత్రమైన పిమ్మట, ఆ పతనదోషము ఈ దుబాసి మెడకు చుట్టుకొనెను.

1970వ దశాబ్దమున లూచా కోర్పి, కార్మెన్ తఫోయా మున్నగు కవయిత్రులు ఈ కథను ఆమె వైపునుండి చెప్పిరి. స్పానిషు సైనికుడు బెర్నాల్ దియాస్ వ్రాసినదే నిజమైనచో, కన్నతల్లియే ఆమెను బానిసగా ఇచ్చివేసెను. అమ్మబడిన పిల్ల అమ్మినవారికి ద్రోహము చేయుట యెట్లు? ఈ చిన్న ప్రశ్నతో ఎన్ని నోళ్లు తెరుచుకొనెనో!

వీరిలో నాకు మిక్కిలి నచ్చినది లోర్నా డీ సెర్వాంటెస్. 1954లో సాన్ ఫ్రాన్సిస్కోలో జన్మించిన ఆమె, పిల్లలకు అవమానము కలుగునను భీతితో పెద్దలు స్పానిషును నిషేధించిన ఇంట పెరిగెను. 1981లో వచ్చిన ఆమె తొలి సంపుటి పేరు 'ఎంప్లుమాదా'. ఈకలు మొలిచినదనియు, కలపుపోటనియు రెండర్థములు అందు ఇమిడియున్నవి. అందలి యొక పద్యమున, తల్లిని తన్నిన తండ్రివంటివాడు కాకూడదనుకొన్న బాలుడు పెరిగి పెద్దవాడై, తుదకు తన భార్యను కొట్టును. కవయిత్రి అతనిని క్షమింపదు, శపింపదు. దెబ్బ ఒక తరమునుండి మరియొక తరమునకు ఎట్లు దిగివచ్చునో చూపి ఊరకుండును.

వెలుపలి హింసయు తక్కువది కాదు. 1975లో లాస్ ఏంజెలెస్‌లో పదిమంది మెక్సికను స్త్రీలు వ్యాజ్యము వేసిరి. ప్రసవవేదనలో తమకు రాని ఆంగ్లపత్రములపై సంతకములు చేయించి, మరల బిడ్డలు కలుగకుండ శస్త్రచికిత్స చేసిరని వారి మొర. 1978లో తీర్పు వారికి ప్రతికూలముగ వచ్చెను.

ఆ 1978లోనే ఫిబ్రవరి 21వ తేదీన మెక్సికో నగరమున, విద్యుత్ సంస్థ కూలీలు త్రవ్వుచుండగా పది అడుగులకు మించిన అడ్డుకొలతగల గుండ్రని శిల బయల్పడెను. దానిపై తలయు కాలుసేతులును తెగిన స్త్రీమూర్తి కలదు. ఆమె కొయొల్‌శౌకి; తల్లిని చంపవచ్చి, అప్పుడే పుట్టిన యుద్ధదేవుడగు తమ్ముని చేతిలో ముక్కలైనదని పురాణము. యుద్ధము పుట్టకుండ ఆపవచ్చినదని చెరీ మొరాగా అర్థము చెప్పెను. ఇది కొంత లాగి చెప్పిన అర్థమే యని నా తలంపు. దేవతల పేర్లు వల్లించు పద్యములకంటె సెర్వాంటెస్ ఇంటికథ బలమైనది.

అయినను గ్లోరియా అన్సాల్దువా చేతిలో ఆ శిల మరియొకటి యైనది. 1942లో దక్షిణ టెక్సాసున పుట్టి, బడిలో స్పానిషు మాటాడినందుకు దెబ్బలు తిన్న ఆమె, 1987లో రెండు భాషలను కలిపి, గద్యపద్యములతో 'సరిహద్దు నేలలు' అను గ్రంథమును వెలువరించెను. సరిహద్దు ఆమెకు పటమునందలి గీత కాదు. దేహముననే యున్న మానని పుండు. ఆ పల్లెలలో దడుపు చెందినవారిని మంత్రసాని వంటి వృద్ధస్త్రీలు కోడిగ్రుడ్డుతోను మూలికలతోను తుడిచి, చెదరిన ప్రాణమును పిలుచుట కలదు. పాట్ మోరా 1984 నాటి తన సంపుటిలో అట్టి వైద్యురాలినే కవితావస్తువుగా గైకొనెను. అన్సాల్దువా ఆ చికిత్సను వ్రాతపనితో పోల్చెను: తెగిన అంగములను వెదకి కూర్చుట. కూర్చినను పూర్వపు రూపము రాదనియు ఆమెకు తెలియును.

ఆమె 2004లో మధుమేహముచే మరణించెను. కొయొల్‌శౌకిని కూర్చుటను గూర్చిన అధ్యాయముగల చివరి గ్రంథము చిత్తుప్రతులుగానే మిగిలెను. ఆ కాగితములను సహరచయిత్రి యొకతె ఏర్చి కూర్చి, 2015లో అచ్చు వేయించెను.