యంత్రం రాసే జాబులో తెలుగు

జాల అనువర్తనాలు తమంత తాము పంపే ఈమెయిళ్లలో తెలుగు ఎందుకు చెదిరిపోతుంది? కారణం నేటి ప్రోగ్రాములలో కొంతే ఉంది. మిగిలినది 1982 ఆగస్టులో వెలువడిన రెండు పత్రాలలో ఉంది.

వాటిలో ఒకటి జొనాథన్ పోస్టెల్ రచించిన ఆర్ఎఫ్‌సీ 821. జాబు ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి ఎలా చేరాలో అది చెబుతుంది. రెండవది డేవిడ్ క్రాకర్ రచించిన ఆర్ఎఫ్‌సీ 822. జాబు రూపమెలా ఉండాలో అది నిర్ణయిస్తుంది. రెండింటికీ పునాది ఆస్కీ. అంటే అక్షరానికి ఏడు బిట్లు, మొత్తం 128 గుర్తులు. ఆంగ్లంలో రాసుకునే పరిశోధకులకు అవి సరిపోయాయి. ఫ్రెంచి వారి అక్షరాలకే చోటు లేని ఆ దారిలో తెలుగు ఊసే లేదు.

మనవాళ్లు ఆ దారికి తగినట్టే తెలుగును మలచుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి మనకు కొత్త కాదు. దాన్ని టైపు చేసే సౌలభ్యంగానే మనం చూస్తాం. నా దృష్టిలో అది రవాణా సౌలభ్యం కూడా. రోమను అక్షరాలతోనే రాసిన తెలుగు ఏడు బిట్ల దారిలో ఒక్క గుర్తు కూడా చెడకుండా అవతలి ఒడ్డుకు చేరేది.

అసలు మార్పు 1992లో వచ్చింది. నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ ఆ జూన్‌లో మైమ్ అనే ప్రమాణాన్ని ప్రకటించారు. పాత దారిని తవ్వి వెడల్పు చేయకుండా, సరుకును దారికి సరిపడే మూటగా కట్టి, మూట మీద లోపలేముందో రాయడమే అందులోని యుక్తి. ఆ ఏడే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను రూపొందించారు. తెలుగు అప్పటికే, 1991 నాటి యూనికోడు తొలి సంచికలోనే, చేరి ఉంది.

లెక్క చూడండి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. మైమ్ లోని బేస్64 మూట మూడు బైట్లను నాలుగు ఆస్కీ గుర్తులుగా మారుస్తుంది. కోటెడ్-ప్రింటబుల్ అనే రెండో మూటలోనైతే అదే సంకేతానికి తొమ్మిది గుర్తులు కావాలి. రెండవది ఆంగ్లం మధ్య ఒకటి అరా వింత అక్షరాలు ఉండే జాబులకు అనువైనది. తెలుగుకు బేస్64 మేలు.

అసలు చిక్కు విషయపు వరుసలో ఉంది. దానికి కీత్ మూర్ వేరుగా నియమాలు రాశారు. ఆయన 1996లో రాసిన ఆర్ఎఫ్‌సీ 2047 ప్రకారం ఒక్కో మూట 75 గుర్తులు మించరాదు. మూట పేరుకూ ముడులకూ 12 పోతే, బేస్64లో 15 తెలుగు సంకేతాలు పడతాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, 18 బైట్లు. కాబట్టి విషయం కాస్త పొడుగైతే రెండు మూడు మూటలు తప్పవు. మూట సంకేతానికీ సంకేతానికీ మధ్య తెగితే ఇబ్బంది లేదు, చదివే వైపు తిరిగి అతుక్కుంటాయి. బైట్లు లెక్కపెట్టి సంకేతం నడుమ తెంపితేనే అక్షరం చస్తుంది. ప్రమాణం దాన్ని నిషేధించింది. అయినా చేతితో రాసుకున్న ప్రోగ్రాములు చాలా వరకు అక్కడే తెంపుతాయి.

చెడిన జాబును చూసి రోగం గుర్తుపట్టవచ్చు. తల మీద గీత ఉన్న రోమను "ఎ" మాటిమాటికీ కనిపిస్తే బైట్లు క్షేమం, మూట మీది చీటీ మాత్రమే తప్పు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే మటుకు తెలుగు దారిలోనే పోయింది, ఇక రాదు. ఇది తరచు దత్తాంశ నిధి దగ్గర జరుగుతుంది. 2018లో 8.0 సంచిక వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ లో అప్రమేయ సంకేత సమితి లాటిన్-1 అని మరవరాదు.

ఇది అందచందాల సంగతి కాదు. మా పెదనాన్నగారికి ఒక కార్యాలయపు యంత్రం గడువు సూచన పంపింది. మొత్తమూ తేదీ సరిగ్గానే ఉన్నాయి, పేరున్న చోట ప్రశ్నార్థకాలున్నాయి. "నా పేరు తెలియనివాడు నన్ను డబ్బడుగుతాడా" అని ఆయన దాన్ని మోసమనుకుని తీసేశారు. ఆ తరువాత అపరాధ రుసుము కట్టారు. ఆయన అనుమానం సబబైనదే.

పేరు సరిగా వచ్చినా వ్యాకరణం మిగిలే ఉంటుంది. ఆంగ్లపు అచ్చులో పేరును ఖాళీలో పెడితే చాలు. తెలుగులో రాముడికి, సీతకు అని విభక్తి పేరును పట్టి మారుతుంది. యంత్రం "సీత కి" అని విడదీసి రాస్తుంది. దీనికి మందు మన మర్యాదలోనే ఉంది. పేరు తరువాత "గారు" చేరిస్తే విభక్తి భారమంతా అదే మోస్తుంది. గారికి, గారిని, గారితో అంటే ఏ పేరైనా చెక్కుచెదరదు.

ఇక అనువర్తనం చేయవలసినవి కొన్నే. నిధి నుంచి జాబు దాకా ప్రతి మెట్టులోనూ యూటీఎఫ్-8 అని ప్రకటించాలి. విషయపు వరుసను పరీక్షకు నిలిచిన గ్రంథాలయానికే అప్పగించాలి. హెచ్‌టీఎంఎల్ రూపంతో పాటు సాదా పాఠాన్ని కూడా పంపాలి. మైమ్ నియమం ప్రకారం సాదా పాఠం ముందు, హెచ్‌టీఎంఎల్ తరువాత. పంపినది తామేనని ఎస్‌పీఎఫ్, డీకిమ్ లతో రుజువు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిలు, యాహూ పెద్దయెత్తున పంపేవారిని ఈ రుజువులు అడుగుతున్నాయి.

చేత్తో రాసిన జాబును పంపేముందు ఒకసారి చదువుకుంటాం. యంత్రం చదువుకోదు. ఆ చదవడమేదో దాన్ని తయారుచేసినవారే ముందుగా చేసి పెట్టాలి. మిత్రులారా, మీలో అనువర్తనాలు రాసేవారు "స్త్రీ" అన్న మాట పదిసార్లు వచ్చే విషయపు వరుసతో ఒక జాబు మీకు మీరే పంపుకొని చూడండి.